బొంకులదిబ్బ మీద బేరాలు

కన్యాశుల్కం నాటకాన్ని అంకాల వరసలో చూడాలంటే విజయనగరంలో బయల్దేరి విశాఖపట్నంలో తేలాలి. దాన్ని రాసినాయన జీవితాన్ని చూడాలంటే మాత్రం ఇంకాస్త దక్షిణాన, ఎలమంచిలిలో రైలు దిగాలి. సంక్రాంతి వెళ్ళిన వారంలో నేను రెండు దారులూ కలిపి పెట్టుకున్నాను. గుంటూరులో మాదొక చిన్న నాటక బృందం. ఈ ఏడు కన్యాశుల్కాన్ని రెండు గంటలకు కుదించి ఆడదామని సంకల్పం. ఏ రంగం ఉంచాలి, ఏది కొయ్యాలి అని రోజూ రిహార్సలు గదిలో తగువే. కత్తెర చేత పట్టే ముందు ఆ నేల ఒకసారి చూసి, ఆ మాట ఒకసారి చెవిన వేసుకుని రావాలనిపించింది.

ఎలమంచిలి స్టేషను బయట ఆటో ఎక్కి ‘ఎస్.రాయవరం’ అన్నాను. రాయవరాలు చాలా ఉన్నాయి గనక ఇది సర్వసిద్ధి రాయవరం. దారి పొడుగునా చెరుకు. కొన్ని చేలలో నరుకుడు సాగుతోంది, కొన్నిచోట్ల బెల్లం వండుతున్న పాకల్లోంచి తీపి పొగ. ఆటో కుర్రాడు ఊరి మొదట్లోనే అడిగాడు.

“ఎవులింటికండమ్మా?”

“ఎవరింటికీ కాదు బాబూ. గురజాడ అప్పారావుగారు పుట్టిన ఊరు కదా, చూద్దామని.”

“ఓలమ్మ, దేశమంటే మట్టి కాదన్నాయనా? మా బళ్ళో సెప్పేవోరు,” అన్నాడు. చెప్పి, అద్దంలో నావంక చూసి, “ఆయన మాటలన్నీ మా మాటల్లాగే ఉంటాయటండీ” అని కూడా అన్నాడు. ఎవరు చెప్పారో గాని, ఆయన గురించి పెద్దపెద్ద వ్యాసాల్లో ఉండే సంగతే అది.

1862 సెప్టెంబరు 21న అప్పారావు ఈ ఊళ్ళో మేనమామగారింట పుట్టారు. తల్లి కౌసల్యమ్మ, తండ్రి వెంకట రామదాసు. అరుగు మీద ఎండ కాచుకుంటున్న ఒక పెద్దాయన నా ప్రశ్న విని, “పుట్టడం ఇక్కడే గానీ పెరగడం అంతా అటేనమ్మా” అని ఉత్తరం వైపు చెయ్యి చూపించాడు. ఆయన అన్నది నిజం. తండ్రి విజయనగరం సంస్థానంలో ఉద్యోగి. పిల్లవాడి చిన్ననాటి చదువు చీపురుపల్లిలో, ఆ తర్వాతదంతా విజయనగరంలో. పుట్టింటి ఊరు తల్లిదే తప్ప కొడుకుది కాలేదు. ఓ గంట తిరిగి, మంచినీళ్ళు తాగి, వచ్చిన ఆటోలోనే వెనక్కి వచ్చాను.

రైల్లో

ఎలమంచిలి నుంచి విజయనగరానికి పాసింజరు బండి. అనకాపల్లిలో బుట్టలతో, సంచులతో జనం ఎక్కారు. నా ఎదురు సీట్లో ఇద్దరు ఆడవాళ్ళు కూర్చున్నారు. ఒకామె కూతురి సంబంధం గురించి రెండో ఆమెకు చెబుతోంది. ఇద్దరికీ గొంతు తగ్గించుకునే అలవాటు లేదు, పక్కవాళ్ళు వింటున్నారన్న బెంగా లేదు.

“కుర్రోడు బెంగులూరులో సాఫ్ట్‌వేరు. ఆళ్ళమ్మ నోరు తెరిసి అడగనేదు, ఆళ్ళ సిన్నాన్న అడిగినాడు.”

“ఎంతటే?”

“ఎంతని సెప్పీనేదు. ‘మీకు తోసిందే ఇవ్వండి, పెద్దోడికి ఇచ్చినంతకి తగ్గితే బాగోదు’ అన్నాడు.”

“అయితే పెద్దోడికెంతిచ్చినారో కనుక్కో ముందు.”

“అదే కనుక్కోడానికి ఎల్తన్నాను.”

విశాఖపట్నంలో వాళ్ళు దిగిపోయే లోపల ఎకరం, బంగారం, కారు అన్నీ లెక్కలోకి వచ్చాయి. ఆ పిల్ల ఏం చదివిందో, ఆమెకు ఆ కుర్రాడు నచ్చాడో లేదో మాత్రం ఒక్కసారీ రాలేదు. బేరంలో ఎవరూ అంకె ముందు చెప్పరు. చెప్పినవాడు ఓడిపోతాడు. ఈ ఒడుపు తెలిసిన మనుషులతో నిండిన నాటకమే నా సంచిలో ఉంది.

ఒక తేడా ఉంది. నూటపాతికేళ్ళ క్రితం ఇదే జిల్లాలో, కొన్ని కులాల్లో, ముఖ్యంగా బ్రాహ్మణ అగ్రహారాల్లో, డబ్బు ఇటునుంచి అటు కాక అటునుంచి ఇటు నడిచింది. పెళ్ళికొడుకు పిల్ల తండ్రికి సొమ్ము ముట్టజెప్పేవాడు. అదే కన్యాశుల్కం. డబ్బున్న ముసలివాళ్ళు పసిపిల్లల్ని కొనుక్కునేవాళ్ళు. ముసలాయన పోతే ఆ పిల్ల ఊహ తెలిసేసరికి విధవ. 1856లోనే వితంతు వివాహ చట్టం వచ్చింది, 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించారు. కానీ చట్టమూ, రాజమండ్రీ అగ్రహారాలకు చాలా దూరం.

ఊరు

విజయనగరం స్టేషనులో మేస్టారు ఎదురొచ్చారు. తెలుగు పండితుడిగా చేసి రిటైరైన మనిషి. మా బృందంలోని ఒకరికి దూరపు చుట్టం. “రండమ్మా, ముందు కాఫీ, తర్వాతే కోట” అన్నారు. ఆయన పాత స్కూటరు మీద గంటస్తంభం చుట్టి, మూడు లాంతర్లు దాటి కోట దగ్గరికి వచ్చాం. 1713లో కట్టిన కోట. ఇప్పుడు లోపల కాలేజీలు నడుస్తున్నాయి. బురుజుల కింద నుంచి అమ్మాయిలు పుస్తకాల సంచులతో, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో బయటికి వస్తున్నారు. మేస్టారు ఆ అమ్మాయిల్నే చూపించి, “గురజాడవారు కోటలో చూడాలనుకున్నది వీళ్ళనేనమ్మా” అన్నారు.

ఈ ఊరి గొప్పలు చెప్పుకోవాలంటే అంతుండదు. 1919లో పెట్టిన సంగీత కళాశాల, దానికి మొదటి అధ్యక్షుడు ఆదిభట్ల నారాయణదాసు, అక్కడే ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిను, తర్వాతి తరంలో చాసో కథలు. వాటిని పక్కన పెడితే, అప్పారావు కథకు కావలసింది మహారాజా కాలేజీ. తండ్రి జీతం చాలని రోజుల్లో ఆ కాలేజీ ప్రిన్సిపాలు చంద్రశేఖర శాస్త్రి కుర్రాడికి తన ఇంట్లో తావిచ్చి చదివించారు. 1882లో మెట్రిక్యులేషను, 1884లో ఎఫ్.ఏ. అదే ఏడు 25 రూపాయల జీతం మీద హైస్కూలు టీచరు. 1886లో బి.ఏ., కొన్నాళ్ళు డిప్యూటీ కలెక్టరు కచేరీలో హెడ్‌ గుమాస్తా, 1887లో తన కాలేజీలోనే లెక్చరరు. అంతకుముందే 1883లో ఇంగ్లీషులో రాసిన ‘సారంగధర’ కావ్యం కలకత్తా పత్రికాధిపతి శంభుచంద్ర ముఖర్జీ మెప్పు పొందింది. ఇంగ్లీషులో కవిగా స్థిరపడే అవకాశం ఉన్న మనిషి అది వదులుకుని తెలుగులో, అదీ వాడుక తెలుగులో రాయడానికి కూర్చున్నారు.

మహారాజు ఆనంద గజపతికి చదువన్నా వాదనలన్నా ప్రీతి. అప్పారావును దగ్గరికి తీశారు. కొన్నాళ్ళకు సంస్థానంలో శాసనాలు పరిశోధించే ఉద్యోగం కూడా ఆయనకే వచ్చింది. రాగి రేకుల మీద ఎవరు ఎవరికి ఏ భూమి ఇచ్చారో చదివే పని అది. మనుషుల మధ్య సొమ్ము ఎలా నడుస్తుందో ఆయనకు ఆ ఉద్యోగంలో కూడా కొంత పట్టుబడి ఉంటుందని నా అనుమానం.

దిబ్బ

సాయంత్రం కావాలని అడిగి బొంకులదిబ్బకు వెళ్ళాం. కోటకు దగ్గరే. కన్యాశుల్కం మొదటి రంగం ఇక్కడే తెర లేస్తుంది. వేళ కూడా సాయంత్రమే. గిరీశం ఒంటరిగా వస్తాడు. పూటకూళ్ళమ్మ దగ్గర సామాన్లు కొనిపెడతానని 20 రూపాయలు పుచ్చుకుని, నాట్యగత్తె కోసం ఖర్చు చేసేసిన మనిషి, ఊరు విడిచి పోయే ఉపాయం వెతుక్కుంటూ ఉంటాడు. ఆ 20 రూపాయలు ఇవాళ మనకు చిల్లర. కానీ ఆ నాటకం రాసినాయన మొదటి జీతం నెలకు 25 అని గుర్తుంచుకుంటే, ఒక బడిపంతులు దాదాపు నెల్లాళ్ళ కష్టాన్ని గిరీశం ఊదేశాడని తెలుస్తుంది. పూటకూళ్ళమ్మ చీపురుకట్ట ఊరికే లేవలేదు.

ఇప్పుడక్కడ తోపుడు బళ్ళు, ఫోన్ల కవర్లు, చవక గాజులు, అరటిపళ్ళు. ఒక పళ్ళావిడ దగ్గర మేస్టారు జామకాయలు బేరమాడారు.

“కేజీ ఎంతే?”

“ఎనభయ్ బాబు.”

“అరవయ్యికియ్యి.”

“అరవయ్యికి నాకే రావు. మీరు మేస్టారు, మీకు అబద్దం సెప్తానా?”

“నేను మేస్టారునని నీకెవరు చెప్పారు?”

“సంచీ సూస్తే తెలీదేటి?”

డెబ్భైకి కుదిరింది. పక్క బండివాడు, ఎదుటి ఆటోవాడు, కొనకుండా నిలబడ్డ మరో ఇద్దరు అందరూ ఆ బేరంలో తలో మాటా వేశారు. నాటకంలో రామప్పంతులు ఎందుకు ప్రతి సంబంధంలోనూ తలదూరుస్తాడో, పోలిశెట్టి ఎందుకు అక్కరలేని చోట ఉంటాడో నాకు ఈ దిబ్బ మీద అర్థమైంది. ఇక్కడ బేరమంటే ఇద్దరి మధ్య పని కాదు, వీధి మొత్తానికి వినోదం.

లెక్క

మరునాడు పొద్దున్నే గురజాడ ఇల్లు. కోటకు దగ్గరలో ఉన్న ఆ ఇంటిని స్మారకంగా ఉంచారు. గోడల మీద ఛాయాచిత్రాలు, అలమారల్లో పుస్తకాలు. సందర్శకులు మేమిద్దరమే. మేస్టారు తన సంచిలోంచి మడతలు పడ్డ జెరాక్సు కాగితాలు తీశారు. కన్యాశుల్కం మొదటి కూర్పుకు గురజాడ ఇంగ్లీషులో రాసిన ముందుమాట అది. నాటకం 1892లో జగన్నాథ విలాసినీ సభవారు ఈ ఊళ్ళోనే ఆడారు. పుస్తకం 1897లో వచ్చింది. మహారాజుకు అంకితం.

“చాలామంది నాటకం చదువుతారు, ఇది చదవరు,” అన్నారు మేస్టారు. “చదవండి, పైకి.”

చదివాను. అందులో కథ లేదు, లెక్క ఉంది. ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణుల ఇళ్ళలో జరిగిన శుల్క వివాహాల జాబితా రాయించారు. సొమ్ము తీసుకున్నామని ఎవరూ ఇష్టపడి ఒప్పుకోరు గనక జాబితా పూర్తిది కాదు. అయినా 1034 పెళ్ళిళ్ళు తేలాయి. ఏడాదికి సగటున 344. పెళ్ళినాటికి అయిదేళ్ళ పిల్లలు 99 మంది. నాలుగేళ్ళవాళ్ళు 44. మూడేళ్ళవాళ్ళు 36. రెండేళ్ళవాళ్ళు ఆరుగురు. ఏడాది పసికందులు ముగ్గురు. ఆ ముగ్గురికీ పలికిన ధర తలకు 350 నుంచి 400 రూపాయలు. కడుపులో ఉన్న బిడ్డకు కూడా బేరాలు కుదిరేవని ఆ కింద రాశారు.

మేస్టారు జేబులోంచి బస్సు టిక్కెట్టు తీసి, వెనక్కి తిప్పి, పెన్ను నాకిచ్చారు. “వెయ్యండమ్మా.” కూడాను. అయిదేళ్ళూ, అంతకు లోపూ ఉన్న పిల్లలు మొత్తం 188. నూటికి 18 మంది. పసికందు ధర 350 అంటే పాతిక రూపాయల జీతగాడికి 14 నెలల సంపాదన. 400 అయితే 16 నెలలు. ఇక నాటకంలో అగ్నిహోత్రావధానులు చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకు కట్టబెట్టడానికి కుదుర్చుకున్న మొత్తం 1800. అంటే అదే బడిపంతులు తిండీ బట్టా మానేసి ఆరేళ్ళు కూడబెట్టాల్సిన డబ్బు. పెద్దకూతురు బుచ్చమ్మ అప్పటికే విధవ. ఇంట్లో ఒక పిల్ల బతుకు అలా తెల్లారినా, రెండో పిల్లకు అదే బేరం పెట్టగలిగాడంటే ఆ 1800 బరువు ఎంతో ఆ టిక్కెట్టు మీద కనిపించింది.

ఇంత లెక్క చేతిలో ఉన్న మనిషి మరొకరైతే రంగస్థలం మీద ఒక పెద్దమనిషిని నిలబెట్టి ఉపన్యాసం చెప్పించి ఉండేవాడు. గురజాడ అంకెల్ని ముందుమాటలో వదిలేశారు. చదివే అలవాటు జనంలోకి ఇంకా రాలేదు గనక మంచి చెప్పాలంటే నాటకమే దారి అని అక్కడే రాసుకున్నారు. కానీ నాటకంలోకి వచ్చేసరికి మంచి చెప్పడం మానేసి, బేరమాడించారు. ఆ నాటకంలో ధర లేనిది లేదు. సుబ్బికి ధర, ఆడవేషం వేసిన మహేశానికి ధర, నాట్యగత్తె మధురవాణి కంటెకు లెక్క, సాక్ష్యానికి ధర, పోలీసు నోటికి ధర. వితంతు వివాహం మీద గిరీశం దంచే ఉపన్యాసం కూడా బుచ్చమ్మను లేవదీసుకుపోవడానికి పెట్టిన పెట్టుబడే. సంస్కరణ కోసం రాసిన నాటకంలో సంస్కరణ మాటల్ని అందరికన్నా ధారాళంగా పలికేవాడు దొంగ. అంత ధైర్యం అప్పటికీ ఇప్పటికీ తక్కువమంది సంస్కర్తలకు ఉంది. ఆనంద గజపతి కన్యాశుల్కాన్ని ఆపడానికి మద్రాసు శాసనసభలో బిల్లు పెట్టారు. నెగ్గలేదు. ఓడిన బిల్లు పేరు ఎవరికీ గుర్తులేదు. గిరీశం పేరు తెలియని తెలుగువాడు లేడు.

గొంతులు

మధ్యాహ్నం అయ్యకోనేరు గట్టున కూర్చున్నాం. మా కుదింపు ప్రతిని మేస్టారు చేతిలో పెట్టి, కొట్టేసిన చోట్లు చూపించాను. మధురవాణి ఇంట్లో మంచం కిందికి రామప్పంతులూ గిరీశమూ చేరే రంగంలో సగం పోయింది. ఆయన ఏమీ అనలేదు. కొట్టేసిన సగాన్నే తీసి పైకి చదవడం మొదలుపెట్టారు.

గిరీశం మాటకు ఆయన గొంతు కాస్త ముక్కులోంచి వచ్చింది, ఇంగ్లీషు ముక్క దగ్గర భుజం ఎగిరింది. రామప్పంతులు దగ్గర గొంతు జారి నూనె రాసినట్టయింది. పూటకూళ్ళమ్మ రాగానే ఆయన ఒక్క కాలు ముందుకు పెట్టి నిలబడ్డారు. డెబ్భై దాటిన మనిషి చేతిలో లేని చీపురు నాకు కనిపించింది. గట్టు మీద చేపలకు మరమరాలు వేస్తున్న ముగ్గురు కుర్రాళ్ళు పని ఆపి దగ్గరికొచ్చారు. చీపురు ఎవరికి తగలాలో వాళ్ళకి కాకుండా మంచం కింద ఉన్న రెండోవాడికి తగిలేసరికి పకపకా నవ్వారు. ఆ కుర్రాళ్ళలో ఒకడు, “ఇది ఏ సినిమా తాతా?” అని అడిగాడు.

“సినిమా కాదురా, మనూరి నాటకం.”

“మనూరోళ్ళు ఇలాగే మాటాడతారు గదా!”

మేస్టారు నావంక చూశారు. ఇక చెప్పడానికి ఆయనకేమీ మిగల్లేదు. మేం రెండు గంటల కోసం కొట్టేసినవి కథకు అక్కర్లేని మాటలని మా లెక్క. కానీ ఆ మాటల్లోనే మనుషులున్నారు. అసిరిగాడు మాట్లాడినట్టు అగ్నిహోత్రావధానులు మాట్లాడడు. కరటకశాస్త్రి నోట్లోని సంస్కృతం వేరు, హెడ్డు కనిస్టీబు దర్పం వేరు. ఎవరి నోటికి తగ్గ పలుకు వాళ్ళకుంది. దాన్ని సమం చేసి గుంటూరు మాటగా మార్చి, పొట్టి చేస్తే మిగిలేది కథాసారాంశం.

ఈ పలుకు కోసం ఆయన పడ్డ పోరు తక్కువది కాదు. గిడుగు రామమూర్తి ఆయనకు చదువుకునే రోజుల్నుంచీ స్నేహితుడు. విశాఖ కాలేజీ ప్రిన్సిపాలు పి.టి.శ్రీనివాస అయ్యంగారు, స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు జె.ఎ.యేట్స్ తోడయ్యారు. పిల్లల చదువు వాడుక భాషలో ఉండాలని ఈ నలుగురూ నడిపిన ఉద్యమం మద్రాసు విశ్వవిద్యాలయం దాకా వెళ్ళింది. అక్కడ పండితుల పక్షం నెగ్గినప్పుడు 1914లో గురజాడ తన అసమ్మతి పత్రం విడిగా రాసి ఇచ్చారు. కాగితం మీద ఓడారు. ఇవాళ మనం పత్రికల్లో రాసే తెలుగు ఎవరిదో చూస్తే నిజంగా ఓడిందెవరో తెలుస్తుంది.

విజయనగరం ఈ నాటకాన్ని మరిచిపోలేదు. ఇక్కడి రంగస్థలం మీద ఎదిగిన అన్నదమ్ములు జె.వి.సోమయాజులు రామప్పంతులుగా, జె.వి.రమణమూర్తి గిరీశంగా ఊరూరా దీన్ని ఆడారు. అందరికీ ‘శంకరాభరణం’ శంకరశాస్త్రిగా తెలిసిన సోమయాజులు ఇక్కడివారికి ముందు రామప్పంతులు. 1955లో పి.పుల్లయ్య తీసిన సినిమాలో ఎన్.టి.రామారావు గిరీశం, సావిత్రి మధురవాణి. సినిమా చూసి నాటకం తెలుసనుకునేవాళ్ళే ఎక్కువమంది.

చివరి అంకం

నాటకం చివరి అంకం విశాఖపట్నంలో, సౌజన్యారావు పంతులు అనే వకీలు ఇంట్లో ముగుస్తుంది. నేనూ అలాగే విశాఖలో ముగించాను. విజయనగరం నుంచి బస్సులో గంటన్నర. దారి పొడుగునా రెండో కూర్పు చివరి పేజీలు మళ్ళీ చదివాను.

రెండో కూర్పు 1909ది. మొదటిదానికీ దీనికీ మధ్య ఆయన జీవితంలో చాలా జరిగింది. 1897లో ఆనంద గజపతి పోయారు. అప్పారావు రీవా మహారాణి అప్పలకొండమాంబకు ఆంతరంగిక కార్యదర్శి అయ్యారు. సంస్థానం వారసత్వపు దావా పనులు నెత్తిన పడ్డాయి. ఆరోగ్యం చెడింది. ఒళ్ళు బాగుచేసుకోవడానికి ఊటీ వెళ్ళి, అక్కడే పాత నాటకాన్ని విప్పి కొత్తగా కట్టారు. అయిదంకాలు ఏడయ్యాయి. మధురవాణి నాటకం నడిపే మనిషి అయింది. ఆ తర్వాతి ఏడాది, 1910లో, ‘ముత్యాల సరాలు’, ‘దిద్దుబాటు’ కథ, ‘దేశభక్తి’ గీతం. ఆరోగ్యం తిన్నగా లేని, ఉద్యోగం తీరిక ఇవ్వని మనిషి రెండేళ్ళలో చేసిన పని ఇది.

సౌజన్యారావు మంచివాడు. నీతి కలవాడు. ఖూనీ కేసులో అన్యాయంగా ఇరుక్కున్న లుబ్ధావధాన్లును కాపాడాలని ఆరాటం. కానీ వేశ్య ముఖం చూడనని ఒట్టు. మద్రాసు ప్రెసిడెన్సీలో అప్పుడు నాట్యగత్తెలకు వ్యతిరేకంగా పెద్ద ఉద్యమమే నడుస్తోంది. ఆ ఒట్టు వేసుకున్న పెద్దమనిషి ఇంటికి మధురవాణి మగవేషంలో వస్తుంది. కేసు తేల్చే నిజం ఆమె దగ్గర ఉంది. దానికి ఆమె అడిగిన ధర ఒక ముద్దు. ఆయన తన నీతికీ ఎదుటివాడి ప్రాణానికీ మధ్య నలిగి చివరికి ఒప్పుకుంటాడు. అప్పుడు ఆమే వద్దంటుంది. చెడనివాళ్ళను చెడగొట్టొద్దని తల్లి చెప్పిందట. ఆరున్నర అంకాలుగా ప్రతివాడూ ప్రతిదానికీ ధర కట్టిన నాటకంలో, పుట్టినప్పటినుంచీ లోకం తనకే ధర కట్టిన మనిషి ఒక్కతే అడిగిన ధర కూడా పుచ్చుకోకుండా ఇచ్చేస్తుంది. గిరీశం బండారం కూడా ఆమె వల్లే బయటపడుతుంది. బుచ్చమ్మ చదువుకోడానికి పూనా వితంతు శరణాలయానికి వెళ్తుంది.

సినిమాకు మధురవాణి అందం కావాలి, మాలాంటి బృందాలకు ఆమె నోటి చురుకు కావాలి. ఆమెను సంస్కర్త ఎదుట నిలబెట్టి, సంస్కర్త నీతిలోని ఇరుకును ఆమె చేత చూపించిన గురజాడ ధైర్యాన్ని ఎక్కువమంది కొట్టేసిన పేజీల్లోనే వదిలేస్తున్నాం.

విశాఖలో సిరిపురం దగ్గర గురజాడ కళాక్షేత్రం ఉంది. ఆ సాయంత్రం లోపల ఏదో పిల్లల నాట్య ప్రదర్శన. గజ్జెలు కట్టుకున్న ఆడపిల్లలు అమ్మానాన్నల చేతులు పట్టుకుని మెట్లెక్కుతున్నారు. అయిదేళ్ళవాళ్ళు, ఆరేళ్ళవాళ్ళు. 1034 మంది జాబితా చదివి వచ్చిన కళ్ళకు ఆ మెట్లు బాగున్నాయి. 1929 శారదా చట్టం ఆడపిల్ల పెళ్ళికి 14 ఏళ్ళ హద్దు పెట్టింది. ఇప్పుడది 18. కన్యాశుల్కం పేరుతో జరిగిన అమ్మకం మాసిపోయింది. అయితే గురజాడ 1915 నవంబరు 30న కన్నుమూసిన ఆరేళ్ళకే, 1921లో కాళ్ళకూరి నారాయణరావు ‘వరవిక్రయం’ రాయాల్సి వచ్చింది. డబ్బు దిక్కు మార్చుకుంది గానీ నడక ఆపలేదు. 1961 నుంచీ వరకట్నం నేరం. రైల్లో నా ఎదుట కూర్చున్న తల్లికి ఆ సంగతి తెలియక కాదు.

గుంటూరు వచ్చాక మా బృందంలో పెద్ద చర్చ జరిగింది. చివరికి కుదింపు మానేశాం. ఏడంకాల బదులు మొదటి అంకం ఒక్కటే, ఒక్క మాట కొయ్యకుండా, విజయనగరం పలుకుతోనే ఆడదామని నిర్ణయం. మేస్టారు వచ్చి పలుకు నేర్పుతామన్నారు.

చదివేవారికి ఒక మాట. కన్యాశుల్కం మీ ఇంట్లో ఉంటే 1909 కూర్పు అవునో కాదో చూసుకోండి. నాటకానికి ముందు 1897 ముందుమాట చదవండి. ఆ తర్వాత ఇంకో పని చేయండి. మహారాజు జిల్లాకంతటికీ రాయించిన జాబితాను మీ చుట్టాల మట్టుకు మీరే రాయండి: గత మూడేళ్ళలో జరిగిన పెళ్ళిళ్ళు ఎన్ని, ఏ పెళ్ళిలో ఎంత చేతులు మారింది, అంకె ముందు ఎవరు చెప్పారు. ఒప్పుకోనివాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉంటారు. తెలిసినంత రాయండి. ఆ కాగితం దగ్గర పెట్టుకుని నాటకాన్ని ఇంటిల్లిపాదీ వినేలా పైకి చదవండి. నవ్వు ఎక్కడ వస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో మీకే తెలుస్తుంది.